'చూద్దాంలెండి' అంటే ఏ తారీఖుకి?

మా అన్నయ్య కొడుకు హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తాడు. నెలలో పది రోజులు మాత్రం చల్లపల్లిలో మా మేడమీద గదే వాడి ఆఫీసు. కరెంటు పోతే ఇన్వర్టరు, అదీ చాలకపోతే ఫోను హాట్‌స్పాటు. మనకి మధ్యాహ్నం భోజనాలయ్యే వేళకి అవతల నెదర్లాండ్స్‌లో ఆఫీసులు తెరుస్తారు. అప్పుడు మొదలవుతాయి వాడి ఫోన్లు.

మొన్నొకరోజు నేను పక్కన మంచమ్మీద పేపరు తిరగేస్తుంటే, అవతలి మేనేజరు అడగడం వినబడింది: గురువారానికి అవుతుందా? మావాడు ఒక్క క్షణం ఆగి, "ఐ విల్ ట్రై సర్" అన్నాడు. ఫోను పెట్టేశాక నా వంక తిరిగి, "గురువారానికి ఎక్కడవుద్ది బాబాయ్, సోమవారం దాకా పట్టుద్ది" అన్నాడు.

"మరి ఆ ముక్కే చెప్పొచ్చుగా?"

"చెప్పాగా. ట్రై చేస్తానన్నా."

గురువారం సాయంత్రానికి అవతలాయన తన కస్టమరుకి సిద్ధం అని చెప్పేసుకున్నాడు. ఇక్కడ సిద్ధం కాలేదు. ఆ రాత్రి వచ్చిన ఈమెయిల్లో తిట్టేమీ లేదుగానీ, 'గురువారం అని నువ్వే ఒప్పుకున్నావు' అన్న వాక్యం ఒకటుంది. మావాడికి అన్నం సయించలేదు. తను ఒప్పుకోలేదు కదా! నిజమే, మన లెక్కలో ఒప్పుకోలేదు. ఆయన లెక్కలో ఒప్పుకున్నాడు.

మన దగ్గర చేబదులు అడిగితే ఎవరైనా "లేదు" అంటారా? "చూద్దాంలెండి" అంటారు. అడిగినవాడు ఇంకోసారి అడగడు, ఇద్దరి పరువూ దక్కుతుంది. పెళ్లికి తప్పకుండా రావాలని పిలిస్తే "చూస్తానండీ, వీలు చూసుకుని" అంటారు. పిలిచినవాళ్లు మనసులోనే ఒక విస్తరి తగ్గించేసుకుంటారు. అందులో అబద్ధం లేదు. మాట ఎంత చెప్పిందో, చెప్పకుండా వదిలింది అంత చెప్పింది. 'ఐ విల్ ట్రై' అన్నది ఆ 'చూద్దాంలెండి'కి ఇంగ్లీషు చొక్కా తొడగడమే. చొక్కా చూసినవాడికి లోపలి మనిషి కనబడలేదు.

ఇప్పుడు ఊళ్లో ప్రతి వీధిలోనూ ఇలాంటి మేడమీద గదులున్నాయి. అవనిగడ్డ వైపు పిల్లలు, ఘంటసాల వైపు పిల్లలు విదేశీ టీములతో పనిచేస్తున్నారు. వాళ్లకి జావా నేర్పేవాళ్లు అమీర్‌పేట నిండా ఉన్నారుగానీ, ఈ సంగతి నేర్పేవాళ్లు తక్కువ. ఇరవయ్యేళ్లు నేనూ ఇదే పనిలో నాలుగైదు దేశాలవాళ్లతో వేగి వచ్చినవాణ్ణి కాబట్టి, తెలిసినంత రాస్తున్నాను.

దేశానికీ దేశానికీ మధ్య ఉండే ఈ తేడాని కొలవొచ్చా? కొలిచారు. కొలిచినవాళ్లలో పేరు మోసినాయన నెదర్లాండ్స్ దేశస్థుడే కావడం మన జిల్లాకి సరిపోయింది. ఇక్కణ్ణించి గంట ప్రయాణం చేస్తే వచ్చే బందరులో వలందపాలెం ఉంది. వలందులంటే హాలెండు వాళ్లు. 1605లో వాళ్లు బందరులో దిగారు, అద్దకం బట్టలు కొన్నారు. పక్కనే ఇంగ్లీషుపాలెం, ఫరాసుపేట. ఆ కాలంలో వాళ్లకీ మన నేతగాళ్లకీ మధ్య నిలబడ్డవాణ్ణి దుబాసీ అనేవారు. వాడికి రెండు భాషలొస్తే చాలదు. తెల్లదొర "వచ్చే ఓడకి కావాలి" అన్నప్పుడు ఎంత గట్టిగా అన్నాడో, సాలెపెద్ద "అట్టాగే బాబూ" అన్నప్పుడు ఎంత మెత్తగా అన్నాడో, రెండూ తెలియాలి. మావాడిది ఇవాళ అదే ఉద్యోగం. కాకపోతే వాడి ఐడీ కార్డు మీద సీనియర్ ఇంజనీర్ అని ఉంటుంది.

గేర్ట్ హాఫ్‌స్టెడె అనే ఆ డచ్చి ఆయన చదివింది మెకానికల్ ఇంజనీరింగు. తర్వాత ఐబీఎం యూరప్ విభాగంలో ఉద్యోగుల మీద పరిశోధన చేశాడు. 1967 నుంచి 1973 దాకా ఐబీఎం తన కొలువుల్లో, 70కి పైగా దేశాల్లో, ఉద్యోగులకి ప్రశ్నాపత్రాలు పంచింది. వెనక్కి వచ్చిన కాగితాలు లక్షా పదహారు వేలు. కంపెనీ ఒకటే, పని దాదాపు ఒకటే, దేశం ఒక్కటే మారింది. కనుక జవాబుల్లో తేడా కనబడితే అది దేశం తాలూకు తేడా అయ్యుండాలని ఆయన వాదం. 1980లో పుస్తకం వేశాడు. నాలుగు కొలబద్దలు చెప్పాడు: పైవాడికీ కిందివాడికీ మధ్య దూరం, నేను-మేము తేడా, గెలుపు మీద ఆరాటం, ఏమవుతుందో తెలియకపోతే వచ్చే కంగారు. తర్వాత ముందుచూపు ఒకటి, సరదాకి ఇచ్చే చోటు ఒకటి, మరో రెండు చేరాయి. గెలుపు ఆరాటానికి ఆయన 'మగతనం-ఆడతనం' అని పేరు పెట్టాడు. ఆ పేరు మీద నాకెప్పుడూ చిరాకే. మా అమ్మ పొలం పంచాయితీలు చేసిన తీరు ఆయన చూడలేదు.

అంకెలు ఎలా పుడతాయో ఒక్కసారి దగ్గర్నుంచి చూస్తే వాటి మీద భయమూ పోతుంది, భక్తీ పోతుంది. 'పైవాడి దూరం' అన్న లెక్కే తీసుకుందాం. ఉద్యోగిని అడిగేవి మూడే ప్రశ్నలు. మీ ఆఫీసులో పైఅధికారి మాట కాదనడానికి జనం ఎంత తరచుగా జంకుతారు? 'చాలా తరచుగా' అంటే 1, 'చాలా అరుదుగా' అంటే 5. రెండోది, నాలుగు రకాల అధికారుల వర్ణన ఇస్తారు. ఒకడు తనే తేల్చి గట్టిగా చెప్పేవాడు, ఒకడు తనే తేల్చి కారణాలు వివరించేవాడు, ఒకడు ముందు కిందివాళ్లని సంప్రదించి తర్వాత తేల్చేవాడు, నాలుగోవాడు అందరినీ కూర్చోబెట్టి ఒప్పందానికి వచ్చేవాడు. మీ అధికారి వీళ్లలో ఎవరు? మూడోది, మీకు ఎవరు కావాలి?

ఇక కూడిక. 135 లోంచి, జంకు ప్రశ్నకి వచ్చిన సగటుని పాతికతో గుణించి తీసెయ్యాలి. మా అధికారి మొదటి రెండు రకాల్లో ఒకడు అన్నవాళ్ల శాతం కలపాలి. మాకు సంప్రదించేవాడు కావాలి అన్నవాళ్ల శాతం తీసెయ్యాలి. మాటవరసకి సగటు 2.6 వచ్చిందనుకోండి, దాన్ని పాతికతో గుణిస్తే 65, అది పోగా 70 మిగులుతుంది. 55 శాతం కలిపితే 125, 48 శాతం తీసేస్తే 77. ఈ ముక్కలు నేను వేసుకున్న ఉదాహరణగానీ, ఇండియాకి ఆయన లెక్కలో తేలిన అంకె నిజంగానే 77. నెదర్లాండ్స్‌ది 38, అమెరికా 40, జర్మనీ 35, ఆస్ట్రియా 11. మలేషియా 104. వందకి అంత వచ్చిందేమిటంటారా? అది వందకి వేసిన మార్కు కాదు, పైన చేసిన కూడికే.

చూశారుగా, అది మీ గురించి కాదు. జ్వరం చూసే థర్మామీటరు లాంటిది అసలే కాదు. 'మా ఆఫీసులో జనం జంకుతారా' అని అడిగితే కొన్ని వందల మంది చెప్పినదాని సగటు. అయినా పనికొస్తుందా అంటే, వస్తుంది. 77కీ 38కీ మధ్య ఉన్న గుంటలోనే మావాడి గురువారం పడిపోయింది.

పనికొచ్చే చోటుకి వెళ్లేముందు దీని లోపాలు కూడా చెప్పాలి. ఎందుకంటే ఆఫీసుల్లో ఈ అంకెల్ని రాశిఫలాల్లా వాడేవాళ్లున్నారు. రెండు గంటల ట్రైనింగు, ఒక రంగుల చార్టు, 'జపానువాళ్లు ఇంతే, ఇండియన్లు ఇంతే'. ఇలాంటి ఒక క్లాసులో కూర్చుని నేను ఇండియన్ని కాబట్టి నోరెత్తనని అక్కడి ఆవిడ చెబుతుంటే చెయ్యెత్తాను. ఆవిడ చూడలేదు.

2002లో బ్రెండన్ మెక్‌స్వీనీ అనే ఆచార్యుడు ఈ లెక్కల పునాది తవ్వాడు. లక్షా పదహారు వేల కాగితాలు అంటే ఘనంగానే ఉంటుంది, కానీ అవి దేశాలకి సమంగా పడలేదు. సింగపూరు నుంచి వచ్చినవి 58. పాకిస్తాన్‌లో మొదటి విడత 37, రెండో విడత 70. సింగపూరువాళ్లకి 'ఏమవుతుందో తెలియకపోతే కంగారు' 8 అని, ఆ పట్టికలో అందరికన్నా తక్కువని, ఇవాళ్టికీ చార్టుల్లో గీస్తారే, దాని వెనక ఉన్నది ఆ యాభై ఎనిమిది మంది. మన ఊరి రైస్‌మిల్లు దగ్గర టీ కొట్టులో పొద్దున్నే అంతకంటే ఎక్కువమంది చేరతారు. పైగా అడిగింది ఐబీఎం వాళ్లని. అంటే ఆ 77 వెనక ఉన్నది అప్పటి ఐబీఎం కొలువులో ఉన్న కొద్దిమంది ఇంగ్లీషు చదువుల ఉద్యోగులు. అందులో దివిసీమ రైతు లేడు, పామర్రు ఎరువుల కొట్టు గుమాస్తా లేడు.

ఇంకో సంగతి. పంజాబుకీ తమిళనాడుకీ ఆ పట్టికలో ఒకటే అంకె. అంతదాకా ఎందుకు, ఒక్క చల్లపల్లినే తీసుకోండి. రాజావారి కోట ముందు తలవంచి నిలబడ్డ ఊరూ ఇదే, ఆ జమీందారీ మీద కిసాన్ జెండా ఎత్తిన ఊరూ ఇదే. 2014 నుంచి 'స్వచ్ఛ చల్లపల్లి' పేరుతో తెల్లారకముందే రోడ్లు ఊడుస్తున్నవాళ్లలో డాక్టర్లున్నారు, రిటైరైన మాస్టార్లున్నారు, కొట్టు నడుపుకునేవాళ్లున్నారు. మురుగుకాలవలో దిగిన డాక్టరుగారికి పక్కనున్న కుర్రాడు "అండీ, ఇటు చెత్త మిగిలింది, ఇటు లాగండి" అని చెబుతాడు. 'అండీ' పోలేదు. పని మాత్రం సూటిగా చెప్పాడు. పైవాడి దూరం ఎంతండీ అక్కడ? మర్యాదకీ జంకుకీ తేడా ఉందని నాకు ఆ దృశ్యంలోనే అర్థమైంది, ఏ చార్టులోనూ కాదు.

ఈ మాట హాఫ్‌స్టెడె కూడా ముందే చెప్పాడు: దేశాల సగటు దేశాలకే, మనుషులకి అంటగట్టొద్దని. వినేవాళ్లు తక్కువ.

మరో పెద్ద సర్వే ఉంది, గ్లోబ్ అంటారు. 62 సమాజాల్లో పదిహేడు వేల మంది మేనేజర్లని అడిగి 2004లో పుస్తకం తెచ్చారు. వాళ్లు ఒక తెలివైన పని చేశారు. 'మీ దగ్గర ఎలా ఉంది', 'ఎలా ఉండాలి' అని రెండూ వేరువేరుగా అడిగారు. ఏడుకి లెక్కేస్తే, పైవాడి దూరం ఉన్నది సగటున 5.17, కోరుకుంటున్నది 2.75. అంటే ప్రపంచమంతా పైవాడికి కాస్త దగ్గరగా జరగాలనే ఉంది. జంకు ఇష్టమై పెట్టుకున్న ఆభరణం కాదు. ఇది మీ బాసుకి కూడా వర్తిస్తుందని గుర్తుంచుకోండి, ఆయనకీ ఒక బాసున్నాడు.

మనవైపే జరిగిన కథ ఒకటి ఉంది. అది ఈ కొలతలకి ముందు తరం. డేవిడ్ మెక్‌లెలాండ్ అనే అమెరికన్ సైకాలజిస్టు, ఏ దేశం ముందుకెళుతుందో ముందే చెప్పగలనా అని, చిన్నపిల్లల వాచకాలు పట్టుకున్నాడు. 1925 ప్రాంతంలోవీ, 1950 ప్రాంతంలోవీ. దేశానికి 21 కథల చొప్పున తీసుకుని, వాటిలో 'సాధించాలి' అన్న తపన ఎన్నిచోట్ల కనబడుతుందో లెక్కపెట్టించాడు. 1961లో పుస్తకం వేశాడు. అంతటితో ఆగలేదు. ఆ తపన పుట్టుకతో వచ్చేదా, నేర్పితే వచ్చేదా? తేల్చుకోడానికి ఆయన ఎంచుకున్న ఊరు కాకినాడ. 1964లో అక్కడి వ్యాపారుల్ని హైదరాబాదులో చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థకి రప్పించి, పది రోజుల చొప్పున తరగతులు పెట్టారు. యూసఫ్‌గూడలో ఇప్పుడు ఎంఎస్‌ఎంఈ జాతీయ సంస్థగా ఉన్నది అదే. తర్వాత వెనక్కి వెళ్లి చూస్తే, శిక్షణ పొందినవాళ్లు పొందనివాళ్ల కంటే వ్యాపారంలో చురుగ్గా కదిలారు. సంప్రదాయం, పాత నమ్మకాలు వాళ్లకి అడ్డం రాలేదని కూడా తేలింది. బొట్టు బొట్టే, పూజ పూజే, కొత్త వ్యాపారం కొత్త వ్యాపారమే.

కాకినాడ షావుకార్లు పది రోజుల్లో ఒక కొత్త అలవాటు పట్టగలిగితే, మేడమీద గదిలో ఉన్న ఇరవై ఆరేళ్ల కుర్రాడు ఒక వాక్యం మార్చుకోలేడా?

ఆ వాక్యాల దగ్గరికి వద్దాం.

డచ్చి, జర్మను, స్వీడన్ వాళ్లతో పనిచేసేవాళ్లు మొదట చెయ్యాల్సింది 'ట్రై చేస్తాను' అన్న మాటని నోట్లోంచి తీసేయడం. దాని స్థానంలో తారీఖు పెట్టండి. 'గురువారానికి అవ్వదు, సోమవారం సాయంత్రానికి అవుతుంది, కారణం ఇది.' కారణం ఒక్కటి చాలు. మనవాళ్లు 'అవ్వదు' అన్న మాటకి పరిహారంగా ఏడు కారణాలు చెబుతారు, అప్పుడు అవతలివాడికి అనుమానం మొదలవుతుంది. గురువారం గట్టిగా కావాలంటే దేన్ని పక్కన పెట్టాలో కూడా మీరే చెప్పండి. 'ఈ రిపోర్టు ఆపితే గురువారం ఇవ్వగలను, ఏది కావాలి?' ఇలా అడిగితే ఆయన మీ మీద కోప్పడడు. ఎంపిక ఆయనకే వదిలారు కాబట్టి ఆయన పెద్దరికం కూడా నిలబడింది. మన మర్యాదా చెడలేదు.

అక్కడ మీటింగులో మౌనం అంటే ఒప్పుకోలు. మన దగ్గర మౌనానికి పది అర్థాలున్నాయి, అందులో సగం 'ఇది జరిగే పని కాదు' అనే. అందుకని మీటింగు అయ్యేలోపు ఒక్క అభ్యంతరమైనా గొంతు దాటాలి. నోటితో రాకపోతే చాట్‌లో రాయండి. మావాడికి నేను చెప్పిన కిటుకు: ఫోను పెట్టేశాక నాతో ఏం చెబుతావో, అదే ఫోను పెట్టేముందు ఆయనతో చెప్పు. 'ఎక్కడవుద్ది బాబాయ్' అన్నదాంట్లోంచి 'బాబాయ్' తీసేస్తే చాలు.

వాళ్ల తిట్టు తిట్టు కాదు. డచ్చి ఆయన "ఇది బాగోలేదు" అంటే కాగితం బాగోలేదని. సాయంత్రం మీతోనే నవ్వుతూ మాట్లాడతాడు. మనకి ఆ రెంటినీ విడదీయడం కష్టం, ఎందుకంటే మన ఇళ్లలో పని తప్పుపట్టడం అంటే మనిషిని తప్పుపట్టడమే. మొదటి ఆర్నెల్లూ నేను ప్రతి రివ్యూ తర్వాతా రాజీనామా రాసి పెట్టుకున్నవాణ్ణే. పంపలేదు, ఇంటి లోను ఉంది.

సాయంత్రం ఐదు దాటాక ఫోను ఎత్తకపోతే అలక్ష్యం అనుకోకండి. 'గెలుపు ఆరాటం' పట్టికలో నెదర్లాండ్స్ 14, స్వీడన్ 5, ఇండియా 56. వారంలో నాలుగు రోజులే పనిచేసేవాళ్లు నెదర్లాండ్స్‌లో చాలామంది ఉంటారు. మీరు రాత్రి పదకొండింటికి మెయిలు పంపి శ్రద్ధ చూపించాననుకుంటారు. వాళ్లకి అది, పగలు పని తెమల్చుకోలేని మనిషి అన్నట్టు కనబడుతుంది.

జపాను సంగతి వేరు. తిరుపతి జిల్లా శ్రీసిటీలో ఇసుజు లాంటి జపాను కంపెనీలున్నాయి, అక్కడికి మన డిప్లొమా పిల్లలు వెళుతుంటారు. 'ఏమవుతుందో తెలియకపోతే కంగారు' జపానుకి 92, మనకి 40. మన 40 ఎలా ఉంటుందో పంటకాలవ గట్టున చూడండి. మోటారు స్టార్టరు పాడైతే ఒక వైరు ముక్క, ఒక పుల్ల పెట్టి నడిపించేస్తాం. తడి తప్పకుండా పొలానికి నీళ్లు పారతాయి, అందరూ మెచ్చుకుంటారు. జపాను సూపర్‌వైజరు ముందు అదే తెలివి చూపిస్తే ఆయన మొహం పాలిపోతుంది. పని నడవడం ఆయనకి సగమే. చెప్పిన వరసలో నడవడం మిగతా సగం. వాళ్ల దగ్గర 'హోరెన్సో' అని ఒక మాట ఉంది: జరిగింది నివేదించు, సంగతి తెలియజేయి, ముందే సంప్రదించు. ఆచరణలో చెప్పాలంటే, బోల్టు ఒకటి మార్చినా మార్చకముందే చెప్పాలి, మార్చాక చెప్పాలి, ఏమీ కాకపోయినా 'ఏమీ కాలేదు' అని చెప్పాలి. మనకి అది చాడీలు చెప్పుకున్నట్టు ఉంటుంది. వాళ్లకి అదే పనితనం.

మనకి బాగా కలిసొచ్చేదొకటి చెప్తాను. జపాను ఆఫీసులో 'కెంతో షిమాస్' అంటే 'పరిశీలిస్తాం' అని. ఎక్కువసార్లు దానికి అర్థం ఏమిటో తెలుసా? మన 'చూద్దాంలెండి'. అమెరికావాడు అది విని నెల తిరిగాక ఏమైందని అడుగుతాడు. మన కుర్రాడికి వినగానే అర్థమవుతుంది. కొలబద్ద మీద ఇండియాకీ జపానుకీ ఎంతో దూరం కనబడ్డా, ఈ ఒక్క మాట దగ్గర మనం పక్కింటివాళ్లం.

కొరియా కూడా కొంత అంతే. అనంతపురం వైపు పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ కట్టడానికి 2017లో ఒప్పందమైంది, 2019 కల్లా కార్లు బయటికొచ్చాయి. దాంతో కొరియన్ అధికారుల కింద పనిచేయడం తెలుగువాళ్లకి కొత్త విద్య అయింది. పైవాడి దూరం కొరియాకి 60, అంటే మనకంటే తక్కువే. నేను-మేము లెక్కలో మాత్రం కొరియా 18, మనం 48. అమెరికా 91. అంకెలో కనబడనిది ఏమిటంటే, కొరియాలో వయసుకీ హోదాకీ లెక్క బాగా పట్టింపు. పేరు పెట్టి పిలవరు, హోదాకి 'నిమ్' తగిలించి పిలుస్తారు. అది మన 'గారు'. కాగితమైనా గ్లాసైనా పెద్దవాళ్లకి రెండు చేతులా ఇస్తారు. ఒంటిచేత్తో పెద్దవాళ్లకి ఏదిచ్చినా మన నాయనమ్మ ఊరుకునేదా? ఈ తెలిసిన మర్యాదని దాచుకోనక్కర్లేదు. చెయ్యకూడనిది ఒకటే, మీ పై సూపర్‌వైజర్ని దాటి ఆ పైవాడికి నేరుగా మెయిలు పెట్టకండి. స్వీడన్‌లో అదే పని చేస్తే ఎవరూ పట్టించుకోరు.

గల్ఫ్ గురించి రెండు మాటలే. అక్కడ పని కంటే ముందు మనిషి. మొదటి పది నిమిషాలూ కుటుంబం గురించి, ఆరోగ్యం గురించి అడుగుతారు. అది కాలహరణం కాదు, పనిలో భాగమే. మనవాళ్లకి దీన్ని నేర్పక్కర్లేదు.

మేనేజర్లయినవాళ్లకి ఒకటి. మీ టీములో మన పిల్లలే ఉంటే, మీటింగులో అందరికంటే చిన్నవాడితో మొదలుపెట్టించండి. మీరు ముందు మాట్లాడితే తర్వాత వచ్చేవన్నీ "అవును సర్"లే. ఇంకా మొహమాటం ఉంటే ముందురోజే రాసి పంపమనండి. కాగితం మీద మనవాళ్లు ధైర్యవంతులు. అవతలి దేశంవాడు టీములో ఉంటే మాత్రం, "మీరు డచ్చివాళ్లు కదా, సూటిగా చెప్తారు కదా" అని అంకె మొహాన కొట్టకండి. "మీకు చెడువార్త ఎలా చెబితే బాగుంటుంది, రాసి పంపనా, ఫోను చెయ్యనా?" అని అడగండి. నాకు తెలిసి ఈ ఒక్క ప్రశ్న మొత్తం చార్టు కంటే ఎక్కువ చెబుతుంది. చార్టు మొదటి వారం దాకా. రెండో వారం నుంచి మీ ఎదుట ఉన్నది మనిషి, ఆయనకి పిల్లలున్నారు, ఆయన బాసు ఆయన్ని తిట్టాడు.

అమెరికాని చివరికి వదిలేశాను, అక్కడ మనవాళ్లు ఎక్కువ దెబ్బ తినేది ఒకే ఒక్క మాట దగ్గర కాబట్టి. 'నేను.' ఇంటర్వ్యూలో ఈ పని ఎవరు చేశారంటే మనవాడు "మేం చేశాం" అంటాడు. నలుగురు కలిసి చేసినదాన్ని 'నేను చేశాను' అనడానికి నోరు రాదు. 91 ఉన్న దేశంలో కూర్చున్నవాడికి 'మేం' అని వినగానే వచ్చే అనుమానం, ఇందులో ఇతని ముక్క ఏదీ లేదా అని. అలాగని అబద్ధం చెప్పమనడం లేదు. వాక్యాన్ని రెండుగా విడగొట్టండి: 'మా నలుగురి టీము ఈ బిల్లింగు మార్చింది. అందులో పాత లెక్కల్ని కొత్తదాంట్లోకి తెచ్చే భాగం నాది, మూడు వారాలు పట్టింది, ఒక్క రికార్డూ పోలేదు.' టీముకి దక్కాల్సింది టీముకి దక్కింది, మీది మీకు దక్కింది. ఇంకో జాగ్రత్త, అమెరికన్ మేనేజరు మూడు మెచ్చుకోళ్ల మధ్య ఒక తప్పు పొదిగి చెబుతాడు. మెచ్చుకోళ్లు విని సంతోషపడి ఫోను పెట్టేసేవాళ్లున్నారు. మధ్యలో 'అయితే' అన్నాక వచ్చిన వాక్యమే ఆ ఫోను తాలూకు సారం.

మావాడికి ఈ మధ్య ప్రాజెక్టు మారింది, ఇప్పుడు అమెరికా టీము. ఏడాది చివర తన పని తనే విలువ కట్టుకుని రాసివ్వాలి. మొదటి చిత్తులో ఒక పేజీ నిండా 'వుయ్'. ఇద్దరం మేడమీద కూర్చుని ఒక్కో వాక్యం పట్టుకుని, ఇందులో నీ చెయ్యి పడింది ఎక్కడరా అని అడుగుతూ పోతే పదకొండు చోట్ల 'ఐ' వచ్చింది. వాడు రెండింటిని చెరిపేశాడు, నేను ఒకదాన్ని మళ్లీ రాయించాను. మర్నాడు పొద్దున కింద వాళ్లమ్మ ఇడ్లీ పెడుతుంటే మొహం దించుకుని, "మన డప్పు మనమే కొట్టుకున్నట్టుంది బాబాయ్" అన్నాడు.

"పంపావా లేదా?"

పంపాడట. రాత్రి పదకొండున్నరకి. అమెరికాలో అప్పుడు మధ్యాహ్నం.